మరమ్మతుకు ముందు డిస్కును చూడండి: ఉచిత కంప్యూటర్ యుటిలిటీలపై సమీక్ష

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఔట్ వైపు పీజీల్లో ఉండి ఉద్యోగాలు వెతుక్కునే మన తెలుగు పిల్లల దగ్గర ఎక్కువగా కనిపించేవి కాలేజీ రోజుల్లో కొన్న ల్యాప్‌టాప్‌లు, లేదా సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవి. అవి మొరాయించినప్పుడు చాలామంది ముందుగా చేసే పని, చెత్త ఊడ్చేసి స్పీడు పెంచుతానని చెప్పే ఏదో ఒక ఉచిత క్లీనర్‌ను డౌన్‌లోడ్ చేసుకోవడం. దానితో గుణం కనిపించకపోతే దుకాణానికి తీసుకెళ్లి విండోస్ మళ్లీ వేయించుకోవడం. అసలు చెడిపోయిందేమిటో ఈ రెండు పనుల్లోనూ ఎవరూ చూడరు. అందుకే ఇక్కడ నేను ప్రతి పనిముట్టునూ ఒకే ప్రశ్నతో తూచాను: లోపం ఎక్కడుందో ఇది చూపిస్తుందా, లేక చూడకుండానే బాగుచేస్తానని మాట ఇస్తుందా?

ఆ ప్రశ్నకు నిలబడేవాటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోకు. ఇది జపాన్ నుంచి వచ్చిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. హార్డ్ డిస్కులు, ఎస్ఎస్‌డీలు తమలో జరిగే పొరపాట్లను తామే లెక్కపెట్టి ‘స్మార్ట్’ అనే రికార్డులో రాసుకుంటాయి. ఈ ప్రోగ్రామ్ ఆ రికార్డునంతా వరుసలుగా పరచి చూపించి, పైన ఒక్క మాటలో తేల్చి చెబుతుంది: నీలం రంగులో గుడ్, పసుపులో కాషన్, ఎరుపులో బ్యాడ్. తెరిచిన క్షణాల్లోనే ఫలితం వస్తుంది. డిస్కు మీద ఏమీ మార్చదు.

మారతహళ్లిలో ఒక పీజీలో ఉండే కడప కుర్రవాడు ఈ మధ్య తన ల్యాప్‌టాప్ తెచ్చి, "విండోస్ కొత్తగా వేయించినా ఇట్లే నిలబడిపోతాంది అన్నా" అన్నాడు. వేసిచ్చిన దుకాణం వారు ర్యామ్ పెంచాలని కూడా చెప్పారట. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే పసుపు రంగులో కాషన్ కనిపించింది. రీఅలొకేటెడ్ సెక్టార్లను, అంటే చెడిపోయాయని డిస్కు పక్కన పెట్టి బదులు వేరే చోటు వాడుకున్న చిన్న భాగాలను, చూపే 05 వరుసలో అన్నీ సున్నాలే ఉన్నాయి, కానీ సీ5 వరుసలో సున్నాల చివర 18 అని ఉంది. సీ5 అంటే చదవడానికి లొంగక, పనికొస్తాయో రావో తేలక మిగిలిపోయిన సెక్టార్ల సంఖ్య. ఈ అంకెలు మొదట హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, కనిపిస్తాయి కాబట్టి అక్కడి 18 మన లెక్కలో 24 అవుతుంది; ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద ఉండే రా వాల్యూస్‌లో దశాంశ పద్ధతిని ఎంచుకుంటే ఈ తికమక ఉండదు. అలాంటి సెక్టార్ తగిలినప్పుడల్లా డిస్కు దాన్ని పదే పదే చదవబోతుంది, అది తేలేదాకా విండోస్ ఎదురుచూస్తుంది, తెర మీద మనకు అంతా నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. ర్యామ్ ఎంత పెంచినా, విండోస్ ఎన్నిసార్లు వేసినా ఆ ల్యాప్‌టాప్‌కు మేలు జరిగేది కాదు. ఒక చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఆ అనవసరపు ఖర్చును ఆపగలిగింది.

పసుపు రంగును తేలికగా తీసుకోకూడదనడానికి ఆధారం ఉంది. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్కు తనను తాను పరీక్షించుకుంటూ కనుగొన్న లోపం) కనిపించిన డిస్కులు ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, అలాంటి ఎర్రర్ లేని వాటితో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేలింది. అయితే అదే అధ్యయనం చెప్పిన రెండో సంగతిని కూడా గుర్తుంచుకోవాలి: చెడిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రతను పక్కన పెడితే, స్మార్ట్ రికార్డులో ఏ హెచ్చరికా చూపలేదు. కాబట్టి గుడ్ అని నీలం రంగు కనిపించినంత మాత్రాన బ్యాకప్ మానేయడం తగదు. ఇంకొక పరిమితి, డిస్కును లోపల పెట్టి బయటి నుంచి తగిలించే కొన్ని యూఎస్‌బీ కేసుల్లోని చిప్పులు స్మార్ట్ సమాచారాన్ని బయటికి పంపవు. అప్పుడు డిస్కును నేరుగా కంప్యూటర్‌కు తగిలించి చూడవలసి ఉంటుంది.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ బేరమాడేవారికి కూడా ఇది అక్కరకొస్తుంది. డబ్బు చేతిలో పెట్టకముందే పెన్‌డ్రైవ్ నుంచి దీన్ని నడిపి, డిస్కు ఎన్ని గంటలు పనిచేసిందో చెప్పే పవర్ ఆన్ అవర్స్‌ను చూడండి. ఆ అంకెను చెరిపి సున్నా చేసి అమ్మేవారు కూడా ఉన్నారు కాబట్టి, పాత ల్యాప్‌టాప్‌లో మరీ చిన్న సంఖ్య కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించాలి.

డిస్కులో లోపం ఉందని తెలిశాక వెంటనే విండోస్‌లోనే ఉండే డిస్కు మరమ్మతు పనిముట్టు చెక్‌డిస్క్‌ను నడపమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. డేటా విలువైనదైతే నేను ఆ సలహాను గట్టిగా వ్యతిరేకిస్తాను. చెడ్డ సెక్టార్లను వెతికే ఆప్షన్‌తో చెక్‌డిస్క్ డిస్కునంతా గంటల తరబడి చదువుతుంది, ఫైల్ సిస్టమ్‌లో మార్పులు రాస్తుంది. చెడిపోతున్న డిస్కుకు ఆ శ్రమే ఆఖరిది కావచ్చు. ముందు కాపీ, తర్వాతే మరమ్మతు. మామూలుగా కాపీ కానప్పుడు లినక్స్‌లో నడిచే డీడీరెస్క్యూ ఉంది: అది తేలిగ్గా చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మొండి భాగాల దగ్గరికి చివర్లో వెళ్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటూ ఉంటుంది కాబట్టి మధ్యలో ఆగినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు.

పార్టిషన్ (డిస్కులో సి, డి అని విడగొట్టుకున్న భాగం) పోయినా, ఫైళ్లు చెరిగిపోయినా క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే జంట ప్రోగ్రామ్‌లను నేను నమ్ముతాను. టెస్ట్‌డిస్క్ పోయిన పార్టిషన్లను వెతికిపెడుతుంది. ఫొటోరెక్ ఫైల్ పేర్ల జోలికి పోకుండా, ప్రతి రకం ఫైల్ మొదట్లో ఉండే గుర్తులను బట్టి ఫైళ్లను ఏరుతుంది. అందువల్ల పెళ్లి ఫొటోలు తిరిగి దొరకవచ్చు గానీ, వాటికి మీరు పెట్టుకున్న పేర్లు, ఫోల్డర్లు దొరకవు. అంకెల పేర్లతో ఉన్న వేలాది ఫైళ్లను కూర్చుని సర్దుకోవాలి. దొరికిన ఫైళ్లను అదే డిస్కు మీద ఎప్పుడూ సేవ్ చేయకూడదు. ఎస్ఎస్‌డీల్లో మాత్రం ఆశ తక్కువ, ఎందుకంటే ఫైల్ చెరిపిన తర్వాత ట్రిమ్ ఆదేశం అందుకుని డిస్కే ఆ చోటును ఖాళీ చేసుకుంటుంది.

డిస్కు బాగానే ఉండి కంప్యూటర్ మొదలవడం మాత్రమే ఆలస్యమవుతుంటే ఆటోరన్స్ తెరవాలి. 1996లో మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ ప్రారంభించిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఇది ఒకటి. 2006లో మైక్రోసాఫ్ట్ వారి సంస్థను కొన్నప్పటి నుంచీ ఉచితంగానే అందిస్తోంది. టాస్క్ మేనేజర్ చూపే స్టార్టప్ జాబితా కంటే ఇది ఎంతో లోతుగా వెళ్లి, సర్వీసులు, షెడ్యూల్డ్ టాస్కులు, డ్రైవర్లు అన్నింటినీ బయట పెడుతుంది. మొదటిసారి చూసేవారికి అంత పెద్ద జాబితా భయం కలిగిస్తుంది కాబట్టి, మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచే ఆప్షన్‌ను ముందుగా పెట్టుకోండి. పసుపు వరుస అంటే ఆ ఫైల్ ఇప్పుడు అక్కడ లేదని అర్థం, గులాబీ వరుస అంటే ఎవరు తయారుచేశారో నిర్ధారించే సమాచారం లేదని. అనుమానం ఉన్నదాన్ని డిలీట్ చేయకుండా ముందున్న టిక్ మాత్రం తీసేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇక క్లీనర్ల సంగతి. విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేయడం వల్ల కంప్యూటర్ వేగం పెరుగుతుందన్న ప్రచారాన్ని నేను నమ్మను. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాను సమర్థించనని మైక్రోసాఫ్ట్ కూడా స్పష్టంగానే చెప్పింది. వీటిలో ప్రసిద్ధమైన సీక్లీనర్ విషయంలో 2017లో జరిగింది అందరూ తెలుసుకోదగినది: ఆ సంస్థ సొంత సర్వర్ నుంచి, సక్రమమైన డిజిటల్ సంతకంతోనే, మాల్‌వేర్ చేరిన 5.33 వెర్షన్ బయటికి వెళ్లి దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లలోకి చేరింది. చోటు చాలకపోవడమే మీ సమస్య అయితే తాత్కాలిక ఫైళ్లను తీసేసే, విండోస్‌లోనే ఉన్న స్టోరేజ్ సెన్స్ చాలు. చోటునంతా ఏది తినేస్తోందో చూడాలంటే విజ్‌ట్రీ ఉంది. సొంత వాడకానికి ఉచితం, ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫైల్ పద్ధతి) డిస్కుల్లో ఫైళ్లన్నిటి పట్టిక అయిన మాస్టర్ ఫైల్ టేబుల్‌ను నేరుగా చదువుతుంది కాబట్టి చాలా వేగంగా జాబితా ఇస్తుంది.

విండోస్ ఫైళ్లే పాడయ్యాయనిపిస్తే బయటి ప్రోగ్రామ్ అక్కర్లేదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ రీస్టోర్‌హెల్త్ ఆదేశాన్ని ముందు, ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌను తర్వాత నడపండి, ఎందుకంటే రెండోది బాగుచేయడానికి వాడే నకళ్లను సరిచేసేది మొదటిదే. విండోస్ హఠాత్తుగా ఆగిపోయి నీలి తెరలు పదే పదే వస్తుంటే మెమ్‌టెస్ట్86 ప్లస్‌తో ర్యామ్‌ను పరీక్షించాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే ఈ ప్రోగ్రామ్ 2022లో వచ్చిన 6వ వెర్షన్‌తో యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన స్టార్టప్ వ్యవస్థ) ఉన్న కొత్త యంత్రాల మీద కూడా పనిచేస్తోంది. రాత్రి పెట్టి పొద్దున చూసుకోవడం మేలు. ఎర్రర్లు కనిపిస్తే, తీయడానికి వీలున్న యంత్రాల్లో ఒక్కొక్క ర్యామ్ స్టిక్‌ను విడిగా ఉంచి మళ్లీ నడిపితే దోషం ఏ స్టిక్‌లో ఉందో తెలుస్తుంది.

వీటిలో దేన్నయినా రాసినవారి సొంత సైటు నుంచే తీసుకోవాలి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల్లో, డౌన్‌లోడ్ అని పెద్ద అక్షరాలతో మెరిసే బటన్లలో అవసరం లేని సాఫ్ట్‌వేర్‌ను అంటగట్టేవే ఎక్కువ. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోకు బొమ్మలతో అలంకరించిన ఎడిషన్లు కూడా ఉన్నాయి. మనకు కావలసింది స్టాండర్డ్ ఎడిషన్ జిప్ ఫైల్. అది ఇన్‌స్టాల్ చేయనక్కర లేకుండా నడుస్తుంది. ఆటోరన్స్, విజ్‌ట్రీ పోర్టబుల్, టెస్ట్‌డిస్క్‌లతో కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు; బూట్ చేసే మెమ్‌టెస్ట్‌కు మాత్రం వేరొక పెన్‌డ్రైవ్ కావాలి.