రన్మా 1/2: చన్నీళ్ళు పడితే అమ్మాయి, వేన్నీళ్ళు పడితే అబ్బాయి

రూమికో తకహాషి రాసి, గీసిన బొమ్మల కథ 'రన్మా 1/2' జపాన్‌లో 1987 నుంచి 1996 దాకా వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుస్తకాలుగా వేస్తే 38 సంపుటాలైంది. ఇంగ్లీషులో దీన్ని నేను కొన్నేళ్ళుగా చదువుతున్నాను. మొదట ఆబగా చదివాను, మధ్యలో విసుగొచ్చి అటకెక్కించాను, మళ్ళీ దించి తీరిగ్గా మొదలుపెట్టాను. కొత్త మోజులో రాస్తున్న సమీక్ష కాదిది.

కథ తెలియనివాళ్ళకి క్లుప్తంగా. రన్మా సావొతొమె పదహారేళ్ళ కుర్రాడు. యుద్ధవిద్య సాధన కోసం తండ్రి గెన్మాతో చైనా వెళ్ళి, జుసెన్‌క్యో అనే చోట శాపం తగిలిన ఊటల్లో పడతాడు. అక్కడ అలాంటివి వందకు పైగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఎప్పుడో ఏదో ఒక ప్రాణి మునిగి చచ్చింది. ఏది చచ్చిన ఊటలో పడితే, ఇక చన్నీళ్ళు తగిలినప్పుడల్లా ఆ రూపమే. వేన్నీళ్ళు పోసుకుంటే మామూలు మనిషి. కొడుక్కి ఆడపిల్ల రూపం వచ్చింది, తండ్రికి పాండా. ఆ అవతారాల్లోనే ఇద్దరూ టోక్యోలోని నెరిమా అనే పేటలో ఉన్న స్నేహితుడు టెండో ఇంటికి చేరతారు. ఆయనకి ముగ్గురు కూతుళ్ళు. మీ అమ్మాయిల్లో ఒకర్ని మావాడికి చేద్దామని పెద్దవాళ్ళిద్దరూ ఎప్పుడో మాట ఇచ్చిపుచ్చుకున్నారు. పిల్లల్ని అడిగిన పాపాన పోలేదు. ఈ భాగం తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు.

తకహాషి ఎంత గట్టిదో మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. పెళ్ళికొడుకు వస్తాడనుకుంటే తడిసి ముద్దయిన ఒక అమ్మాయి వచ్చింది. ఇంట్లోవాళ్ళంతా డీలాపడితే, చిన్న కూతురు అకానె ఒక్కతే దగ్గరికొచ్చి, మనం స్నేహంగా ఉందామా అని అడుగుతుంది. సాధన చేసే గదికి తీసుకెళ్ళి సరదాగా తలపడుతుంది, ఓడిపోతుంది. ఓడినా నవ్వుతూ, నువ్వు ఆడపిల్లవి కాబట్టి సరిపోయింది, మగాడి చేతిలో మాత్రం ఓడిపోలేను అంటుంది. రన్మా నిజం చెప్పడు. కాసేపటికి అకానె స్నానానికి వెళ్తే వేన్నీళ్ళ తొట్టిలోంచి ఒక అబ్బాయి లేచి నిలబడతాడు. స్నేహం ఒక పూటైనా నిలవలేదు. ఇక 38వ సంపుటం దాకా ఆ ఇద్దరూ చేసేదల్లా, ఆ సాయంత్రం పోగొట్టుకున్నదాన్ని తిట్టుకుంటూ కొట్టుకుంటూ వెతుక్కోవడమే.

అకానెకి మగపిల్లలంటే ఎందుకంత మంటో మర్నాడు స్కూలు గేటు దగ్గర తెలుస్తుంది. ఆమెని ఓడించినవాడికే ఆమెతో తిరిగే హక్కు అని కునో అనే సీనియర్ ప్రకటించాడు. దాంతో రోజూ పొద్దున్నే ఒక గుంపు మీదపడుతుంది. ఆమె అందర్నీ చితక్కొట్టి క్లాసుకి వెళ్తుంది. తమాషాగా గీసిందే గానీ, ఆ పిల్ల రోజూ బడికెలా వస్తోందో అని రెండోసారి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఈ కునోయే తర్వాత అమ్మాయి రన్మా మీద కూడా మనసు పడతాడు. జడ అదే, పొగరు అదే, కళ్ళముందే మారినా ఇద్దరూ ఒకటేనని వాడి బుర్రకి ఎక్కదు.

బొమ్మల గురించి చెప్పాలి. ఈ కథనే టీవీకి కార్టూన్‌గా తీసిన యానిమేలో అమ్మాయి రన్మాకి ఎర్రజుట్టు పెట్టి పని తేలిక చేసుకున్నారు. నలుపు తెలుపు పేజీలో ఆ వెసులుబాటు లేదు. మెరుపులూ పొగలూ ఏమీ ఉండవు. నీళ్ళు పడతాయి, పక్క గడిలో ఎత్తు తగ్గుతుంది, భుజాలు సన్నబడతాయి, అదే చొక్కా వదులై వేలాడుతుంది. ముఖంలో చిరాకు మాత్రం అలాగే ఉంటుంది. ఆ చిరాకు చూసే మనం గుర్తుపడతాం, వీడు వాడేనని.

రూపం మారే కథలు మనకి కొత్త కాదు. భాగవతంలో సుద్యుమ్నుడు వేటకని వెళ్ళి, శివుడి ఆన ఉన్న వనంలో అడుగుపెట్టి ఆడదైపోతాడు. ఆ తర్వాత నెల మగవాడు, నెల ఆడది. అక్కడ బుధుడితో పెళ్ళీ, పురూరవుడనే కొడుకూ ఉన్నాయి. తకహాషి అంత దూరం పోదు. రన్మా ఆడపిల్ల రూపాన్ని ఐస్‌క్రీమ్ కోసం, శత్రువుని బోల్తా కొట్టించడం కోసం హాయిగా వాడుకుంటాడు గానీ, లోపల నేను మగాణ్ణి అన్న పట్టు వదలడు. ఈ కథలో తమని చూసుకున్న ట్రాన్స్ పాఠకులు చాలామంది ఉన్నారు. నిజానికి కథ ఆ తలుపు దాకా వచ్చి, ఒక జోకు వేసి వెనక్కి తిరుగుతుంది. ఇవాళ చదివేవాళ్ళకి అది వెలితే.

కానీ ఇన్నేళ్ళలో నాకు బాగా పట్టుకున్న సంగతి వేరే ఉంది. ఇందులో ఎవరికైనా ఇష్టమైనవాళ్ళ చెంత చోటు దొరికేది మారురూపంలోనే. రన్మా మీద పగతో వచ్చిన ర్యోగా నల్ల పందిపిల్లగా మారి, పెంపుడు జంతువుగా అకానె పక్కలో పడుకుంటాడు. మనిషిగా ఆమె ముందు నోరు పెగలదు. ఆమెకి చివరిదాకా ఆ నిజం తెలియనే తెలియదు. అంతకన్నా బరువైనది తల్లి నొదోకా కథ. కొడుకుని మగాళ్ళలో మగాడిగా పెంచుతాను, లేకపోతే ఇద్దరం కడుపు చీల్చుకుంటాం అని గెన్మా ఆమెకి మాటిచ్చి పసివాణ్ణి తీసుకుపోయాడు. ఆమె కత్తి పట్టుకుని కొడుకుని వెతుక్కుంటూ టెండో ఇంటికి వస్తే, రన్మా ప్రాణభయంతో 'రన్‌కో' అనే పిల్లగా ఎదురొస్తాడు. తల్లి ఎదురుగా కూర్చుని కొడుకు కబుర్లు అడుగుతుంటే, ఆ కొడుకే పరాయి ఆడపిల్లలా తలాడిస్తాడు. నవ్వించే పుస్తకమే గానీ ఆ పేజీల దగ్గర గొంతు పట్టేస్తుంది.

ఇక కష్టాలు. నడిమి సంపుటాల్లో కథ గానుగెద్దులా ఒకేచోట తిరుగుతుంది: కొత్త శత్రువు, కొత్త మందు, ఒక అపార్థం, ఒక దెబ్బ, మళ్ళీ మొదటికి. ఆడవాళ్ళ లోదుస్తులు దొంగిలించే ముసలి గురువు హప్పోసాయ్ వచ్చాడంటే నేను పేజీలు తిప్పేస్తాను. చైనా పిల్ల షాంపూ విషయంలో మెలిక గొప్పది: వాళ్ళ తెగ ఆచారం ప్రకారం తనని ఓడించినది ఆడదైతే చంపాలి, మగవాడైతే పెళ్ళాడాలి. రన్మా రెండూనాయె. కానీ ఆమె చేత వచ్చీరాని మాటలు పలికించి నవ్వించడం ఇప్పుడు చూస్తే చీప్‌గా ఉంటుంది. అన్నిటికన్నా నాకు కోపం అకానె విషయంలో. మొదట్లో గుంపుని ఒంటిచేత్తో మట్టికరిపించిన పిల్ల, కథ సాగేకొద్దీ ఎవరో ఎత్తుకుపోతే రన్మా వచ్చి విడిపించాల్సినదైపోతుంది.

ఆఖరి సంపుటాల్లో చైనా వెళ్ళి సాఫ్రన్ అనే శత్రువుతో చేసే యుద్ధంలో మాత్రం కథ మళ్ళీ ఊపందుకుంటుంది. అకానె చనిపోయిందనుకున్న క్షణంలో రన్మా మనసులో అనుకునే మాట కోసమే ఇన్ని వేల పేజీలు. తర్వాత పెళ్ళి, పెళ్ళిలో రభస, శాపం వదిలించి రన్మాని మళ్ళీ పూర్తిగా మగాణ్ణి చేసే నీళ్ళు పీపాడూ ముసలి హప్పోసాయ్ కడుపులోకి. కొంతమందికి ఈ ముగింపు మోసంలా అనిపించింది. నాకు నచ్చింది. ఆ ఇద్దరూ కుదురుగా కాపురం చేసే బొమ్మ నేను ఊహించలేను.

కొనేవాళ్ళకి: తొంభైల నాటి ఇంగ్లీషు పుస్తకాల్లో బొమ్మల్ని ఎడమ నుంచి కుడికి చదివేలా తిప్పేశారు. 2014 నుంచి వచ్చినవి రెండేసి సంపుటాలు ఒకటిగా, జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకి ఉంటాయి. అవే తీసుకోండి. రోజుకి రెండు మూడు అధ్యాయాలు మించొద్దు. వారానికొకటి చొప్పున చదివేవాళ్ళ కోసం రాసిన కథ, ఏకబిగిన చదివితే మొహం మొత్తుతుంది. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన కొత్త యానిమే కూడా బాగుంది, 1989 నాటి ముఖ్యమైన గొంతులనే మళ్ళీ తెచ్చారు. స్నానాల సీన్లు బోలెడు, బట్టల్లేని బొమ్మలు మొహమాటం లేకుండా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో హాల్లో పడేయకండి. ముందు మొదటి పుస్తకం ఒక్కటే కొనండి. ర్యోగా వచ్చాక కూడా నవ్వు రాకపోతే రెండోది కొనకండి.