ఆర్కాటా కమ్యూనిటీ ఫారెస్ట్: నగరమే యజమానిగా ఉన్న అడవి

ఉత్తర కాలిఫోర్నియాలోని ఆర్కాటా నగరం 1955లో ప్రజలకు అంకితం చేసిన ఈ రెడ్‌వుడ్ (చాలా ఎత్తుగా పెరిగే ఒక రకం చెట్టు) అడవికి, వేల ఏళ్ల మహావృక్షాలను చూద్దామన్న ఆశతో వెళ్లకూడదు. పాత చెట్లను ఏనాడో నరికేశారు. ఇప్పుడున్నది ఆ తర్వాత పెరిగిన అడవి. బాట పక్కనున్న భారీ మొదళ్లలో, రంపం లాగేవాళ్లు నిలబడేందుకు పలకలు దూర్చిన గాట్లు నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

నాకు అన్నింటికన్నా నచ్చింది నిర్వహణ తీరు. అడవిలో పెరిగే కలప కన్నా తక్కువే కోస్తారు. అదీ ఒక ప్రాంతాన్నంతా చదును చేయకుండా, ఎంపిక చేసిన చెట్లను మాత్రమే తీస్తారు. కలప అమ్మగా వచ్చిన ఆదాయాన్ని అడవి సంరక్షణకు, కాలిబాటలకు, మరిన్ని అటవీ భూముల కొనుగోలుకు వినియోగిస్తారు. 1998లో ఎఫ్‌ఎస్‌సీ (అడవులను బాధ్యతగా నిర్వహిస్తున్నారని గుర్తించే అంతర్జాతీయ సంస్థ ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) ధ్రువీకరణ పొందిన ఈ అడవి, అమెరికాలో ఆ గుర్తింపు సాధించిన మొదటి పురపాలక అడవి.

ముట్టుకోకుండా వదిలేయడమే రక్షణ అని నమ్మేవారికి ఈ పద్ధతి రుచించకపోవచ్చు. అయితే నరికివేత తర్వాత ఒక్కసారిగా ఒత్తుగా లేచిన అడవిలో, కొన్ని చెట్లను తీస్తేనే మిగిలినవాటికి వెలుతురు అంది, అవి లావెక్కుతాయి. అడవుల నిర్వహణపై ఆసక్తి ఉన్నవారు తప్పక చూడవలసిన చోటు ఇది. నడిచేవారితో పాటు సైకిళ్లు, గుర్రాలు కూడా తిరుగుతాయి కనుక మలుపుల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.