28 లీటర్ల ఓటీజీతో రెండేళ్ళు: చీలమండ విరిగిన రోజుల నుంచి ఇప్పటిదాకా

ఈ ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ ఒకటిగా ఉండే కరెంటు పొయ్యి) మా ఇంటికి 2024 జనవరి చివర్లో వచ్చింది. అప్పటికి నేను కుడికాలు నేల మీద మోపకూడదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా వారానికి ఒకసారి తప్పకుండా, పిల్లల సెలవుల్లో రెండుసార్లు వాడుతూనే ఉన్నాం. కొన్నది పిజ్జా కోసం, ఎక్కువగా వాడిందీ దానికే. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజులో, ఈ ధరలో దొరికే వాటి లోపలి ఏర్పాటు ఇంచుమించు ఒకటే కాబట్టి నా అనుభవం ఏ కంపెనీది కొన్నవాళ్ళకైనా పనికొస్తుంది. పైన రెండు కడ్డీలు, కింద రెండు కడ్డీలు, 250 డిగ్రీల దాకా తిరిగే నాబ్, గంట టైమరు. నాది 28 లీటర్లు, 1500 వాట్లు.

కాలి సంగతి ముందు చెప్పాలి, లేకపోతే నేను దీన్ని ఎక్కడ పెట్టానో, ఎట్లా వాడానో అర్థం కాదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపానుకు తిరుపతిలో ఎడతెరిపి లేని వాన. బైరాగిపట్టెడలో మా మిద్దె మీద నీళ్ళు నిలిచిపోయాయని తూముకు అడ్డంపడ్డ ఆకులు తీసేసి దిగుతున్నాను. మూడో మెట్టు మీద కాలు జారింది. చీలమండ దగ్గర రెండు పక్కలా ఎముక విరిగింది. చిత్తూరు నుంచి నాయన, అమ్మ ఆ సాయంత్రానికే వచ్చేశారు. "పుత్తూరుకు పోదాం పామ్మా, కట్టు కట్టిస్తే నలభై దినాల్లో లేచి తిరుగుతావు" అన్నాడు నాయన. ఆయన మాట ఊరికే వచ్చింది కాదు. మా చిన్నాయన ముంజేయి ఆ కట్టుతోనే అతుక్కుంది: ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. కానీ నాకు విరిగింది కీలు దగ్గర, ఎముక పక్కకు జరిగింది కూడా. ప్లేటు వెయ్యక తప్పదన్నారు డాక్టరు. నాయన ఎక్స్‌రేను కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. "సరే, ఆపరేషనే చేయించుకో" అని దాన్ని జాగ్రత్తగా కవర్లో పెట్టాడు.

కాలు మోపకుండా ఆరు వారాలుండాలన్నది ఎనిమిది వారాలైంది. వాకరుతో నడిచినవాళ్ళకు ఒక విషయం మొదటి రోజే తెలిసిపోతుంది, పక్కనుండి చూసేవాళ్ళకు ఎన్నాళ్ళైనా తెలియదు. రెండు చేతులూ వాకరు మీదే ఉండాలి, కాబట్టి చేత్తో ఏదీ తీసుకుపోలేం. గ్లాసుడు మంచినీళ్ళు కూడా. వంటింట్లో దోసె కాలుతుంది, నేను అక్కడిదాకా పోగలను, కానీ ఆ దోసె పళ్ళేన్ని నా మంచం దగ్గరికి తెచ్చుకోలేను. అమ్మ తన పాత చీర ముక్కతో సంచి కుట్టి వాకరు ముందు కడ్డీకి కట్టింది. ఫోను, ఫ్లాస్కు, మాత్రలు అందులో. మీ ఇంట్లో ఎవరైనా వాకరు పట్టుకోవాల్సి వస్తే, దాన్ని తెచ్చిన రోజే సంచి కుట్టి కట్టండి.

మంచం పక్క కిటికీలోంచి కొండ కనపడుతుంది. రాత్రయితే మెట్లదారి దీపాలు వరుసగా వెలుగుతాయి. నెలకోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కే అలవాటున్నదాన్ని, రాత్రిళ్ళు నిద్రపట్టక ఆ దీపాల వంకే చూస్తూ పడుకునేదాన్ని. అట్లాంటి ఒక రాత్రి ఉన్నట్టుండి పిజ్జా తినాలనిపించింది. మా ఆయన ఫోన్లో తెప్పించాడు. మా మిద్దె ఎక్కేసరికి చల్లారి, చీజు గట్టిపడి, అట్టపెట్టె మూతకు అంటుకుని ఉంది. ఆ మూత చూడగానే నాకు 1998 గుర్తొచ్చింది.

నాయన చిత్తూరు డిపోలో కండక్టరు, అప్పట్లో బెంగళూరు సర్వీసు. నేను ఏడో తరగతి. దేశంలో మొదటి డామినోస్ ఢిల్లీలో, మొదటి పిజ్జాహట్ బెంగళూరులో తెరిచింది 1996లో. మాకు తెలిసిన పిజ్జా టీవీలో కనపడేదే, లేకపోతే చిత్తూరు బేకరీ అద్దాల బీరువాలో ఉండేది: బన్ను లాంటి మందపాటి రొట్టె, మీద ఎర్రగడ్డలు, క్యారెట్టు, తియ్యటి టమాటా సాసు, తురిమిన చీజు. టీవీలోది కావాలని నేనూ తమ్ముళ్ళూ నాయన ప్రాణం తీసేవాళ్ళం. ఒక రాత్రి పదకొండు దాటాక డ్యూటీ దిగి వచ్చాడు, చేతిలో అట్టపెట్టె. కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా దాదాపు 180 కిలోమీటర్లు దాన్ని తన సీటు పక్కనే పెట్టుకుని తెచ్చాడు. తెరిస్తే చీజు కొవ్వొత్తి మైనంలాగ బిగుసుకుపోయి ఉంది. సగం మూతకే పోయింది. నాయన ఏమీ మాట్లాడలేదు.

అమ్మ పొయ్యి వెలిగించి దోసెల పెనం పెట్టింది. నూనె వెయ్యలేదు. మూతకంటుకున్న చీజును చెంచాతో గీకి ముక్కల మీద పరిచి, వాటిని పెనం మీద పెట్టి, అంచున రెండు చుక్కలు నీళ్ళు చిలకరించి మూతేసింది. ఆ ఆవిరికి పైన చీజు కరిగింది, కింద రొట్టె కరకరలాడింది. ఆరు ముక్కలు, ఇంట్లో ఐదుగురం. ఆరో ముక్కను అమ్మ కత్తిపీట మీద ఐదు చేసింది. ఆ తర్వాత చెన్నైలో, హైదరాబాదులో ఎన్ని చోట్ల తిన్నానో. నాకు పిజ్జా అంటే ఆ రాత్రి పెనం మీది కరకరే.

ఓటీజీ కొన్నది దానికోసం. మొదటి మూడు వారాలు ఏడుపొచ్చింది. పైన చీజు బంగారు రంగుకొచ్చేది, అడుగు మాత్రం తెల్లగా, తడిగా, చపాతీ ముద్దలాగ ఉండేది. కారణం తర్వాత తెలిసింది. నేపుల్స్‌లో పిజ్జా కాల్చే కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటి ఉంటుంది, నిమిషం, నిమిషంన్నరలో పని అయిపోతుంది. మన ఓటీజీ నాబ్ మీద రాసిందే 250. లోపల పెట్టే చిన్న థర్మామీటరు తెప్పించి చూస్తే, పూర్తిగా తిప్పినా 225 దగ్గరే ఆగింది. దానికి తోడు వాళ్ళిచ్చే ట్రే పలచటి రేకు. తడి పిండి పడగానే దానిలోని వేడి అయిపోతుంది.

"ఆ రేకు మీద ఎట్ల కాలుతాది మే? పెనం పెట్టి చూడు" అనింది అమ్మ. మా ఇంట్లో నాన్‌స్టిక్ మీద దోసె పొయ్యడం చేతకాదని చిత్తూరు నుంచి తన పెనం తెచ్చుకుంది. అదే పెనం. పదకొండు అంగుళాలు, పిడి లేదు, బరువు. దాన్ని బోర్లించి కింది అరలో పెట్టి, పైకడ్డీలు కిందికడ్డీలు రెండూ వేసి నలభై నిమిషాలు కాగనిచ్చాం. తిరగేసిన పళ్ళెం మీద బొంబాయి రవ్వ చల్లి, పిజ్జాను దాని మీంచి పెనం మీదికి జార్చాం. ఎనిమిది నిమిషాలు. తీసి అడుగు తిప్పి చూస్తే దోసె మీద పడ్డట్టు గోధుమరంగు మచ్చలు. అమ్మ గోరుతో తట్టింది, టకటకమంది. ఆ రోజు నుంచి కంపెనీ ట్రే అటక మీదే ఉంది.

నా కొలత చెప్తాను, రెండు పిజ్జాలకు: మైదా 250 గ్రాములు, నీళ్ళు 160 మిల్లీలీటర్లు, ఉప్పు చెంచాడు, పొడి ఈస్టు పావు చెంచా. పది నిమిషాలు పిసికి, మూతపెట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో. ఇది చలికాలం లెక్క. మేలో తిరుపతిలో నలభై రెండు డిగ్రీలున్నప్పుడు పిండి బయట గంట కూడా ఆగదు, పొంగి పులుపెక్కుతుంది. అప్పుడు ఫ్రిజ్ నీళ్ళు, ఈస్టు ఇంకా తక్కువ. పైగా ఆ నెలల్లో పగలు ఓటీజీ వేస్తే వంటిల్లు నిప్పుల గుండమే, చీకటి పడ్డాకే వెయ్యాలి.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. కాలు విరిగినవాళ్ళు ఇంట్లో కూర్చుని చెయ్యగలిగే వంట చాలా తక్కువ. పొయ్యి దగ్గర నిలబడాలి, కలపాలి, పరుగెత్తాలి. పిజ్జాకు అది అక్కర్లేదు. బేసిను ఒళ్ళో పెట్టుకుని పిండి పిసికేదాన్ని, కాలు ఎదురుగా స్టూలు మీద. ఇరవై నిమిషాలకు మించి కాలు కిందికి వేలాడితే చీలమండ ఉబ్బి, కుట్ల దగ్గర చర్మం మెరిసేది. వెంటనే పడుకుని రెండు దిండ్ల మీద పెట్టుకోవాలి. పిసికాక పిండికీ విశ్రాంతి కావాలి గదా. అది దాని గిన్నెలో, నేను నా మంచం మీద. గంట తర్వాత ఇద్దరం లేచేవాళ్ళం. ఇంట్లో అందరూ నాకు చేసిపెడుతున్న ఆ రోజుల్లో, నేను ఇంట్లోవాళ్ళకు చేసిపెట్టింది ఇదొక్కటే. మా చిన్నోడు "ఈ వారం అమ్మ వంట" అని పక్కింట్లో చెప్పి వచ్చేవాడు.

సాసుకు మదనపల్లె టమాటాలు. ఉడికించను, చిదిమి పలచటి గుడ్డలో అరగంట వేలాడదీస్తాను. నీరు పోకపోతే ఏ పెనమూ కాపాడలేదు. చీజు విషయంలో మొజరెల్లాకే ఓటు, సాగేది అదే. డబ్బాలో, క్యూబుల్లో వచ్చే ప్రాసెస్డ్ చీజులో ఎమల్సిఫయర్ లవణాలు కలుపుతారు, అందుకే అది మెత్తబడుతుంది గానీ తీగ సాగదు. అయినా నేను గుప్పెడు దాన్నీ కలుపుతాను, చిత్తూరు బేకరీ రుచి దానిలోనే ఉంది.

ఇక ఇబ్బందులు. అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపులు. మేము మామూలు 6 ఆంపుల సాకెట్టులో పెట్టాం. రెండో వారమే ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత కాలింది, ప్లాస్టిక్ మాడిన వాసన. ఎలక్ట్రీషియన్ని పిలిచి 16 ఆంపులది వేయించాం. ఇది చెయ్యకుండా వాడొద్దు, ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే వద్దు. బిల్లు భయం మాత్రం అక్కర్లేదు, గంటసేపు ఆపకుండా మండినా ఒకటిన్నర యూనిట్లు.

రెండోది తలుపు అద్దం. ఒకే పొర, బయట కూడా కాలుతుంది. నేను కూర్చుని అందుకోవడానికి వీలుగా అడుగున్నర ఎత్తు టీపాయి మీద పెట్టించాను, గోడకు జానెడు దూరంలో. ఆ ఎత్తులో నా ముంజేయి సరిగ్గా తలుపు అంచుకు తగిలేది. రెండు మచ్చలు ఇంకా ఉన్నాయి. మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ కొన్నాక ఆ బాధ తప్పింది. పిల్లలున్న ఇంట్లో అంత కిందికి పెట్టకండి, మాకు వేరే దారి లేక పెట్టాం. నేను మామూలుగా నిలబడగలిగిన రోజే దాన్ని వంటింటి బండ మీదికి ఎక్కించాం.

పదకొండో నెలలో కింది కడ్డీ ఒకటి పోయింది. వారంటీ ఇంకా నెల ఉంది. సర్వీసు వాళ్ళు రేపు, ఎల్లుండి అంటూ మూడు వారాలు తిప్పారు, చివరికి మార్చారు. ఆ మూడు వారాలూ అమ్మ పద్ధతిలో పొయ్యి మీద పెనం పెట్టి, మూతేసి పిజ్జా కాల్చాం. నిజం చెప్పాలంటే ముప్పావు వంతు రుచి అక్కడే వచ్చేసింది, పైన ఆ బంగారు రంగొక్కటే తక్కువ. కాబట్టి కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు ముందు మంచి బరువైన ఇనప పెనం కొనండి. నెల రోజులు పొయ్యి మీద చేసి చూడండి. అప్పటికీ కావాలనిపిస్తే ఓటీజీకి పోండి, కానీ పెనం లోపల పట్టేంత వెడల్పుందో లేదో టేపుతో కొలిచి మరీ కొనండి. కేకు బాగానే వస్తుంది, చెనక్కాయలు చాలా బాగా వేగుతాయి. మిగిలినవాటికి పెద్దగా వాడలేదు.

నా కాలు బాగానే ఉంది. వాన పట్టినప్పుడు ప్లేటు దగ్గర సలుపుతుంది, అంతే. పోయిన ఏడాది గాలిగోపురం దాకా ఎక్కి దిగాను, ఇంకా పైకి పోలేదు. వాకరు కిందింటి పెద్దమ్మకు తుంటి ఎముక విరిగితే ఇచ్చాను, సంచితో సహా.

అమ్మా నాయనా నెలకో శనివారం చిత్తూరు నుంచి వస్తారు. శుక్రవారం రాత్రే పిండి కలిపి ఫ్రిజ్‌లో పెడతాను. నాయన మాత్రం ఓటీజీ లోంచి తీసింది తీసినట్టు తినడు. ఆరనిచ్చి, పొయ్యి మీద పెనం పెట్టి, రెండు చుక్కలు నీళ్ళు చిలకరించి, మూతేసి వేడిచేసి ఇమ్మంటాడు. అందుకని మొదటి పిజ్జా కొయ్యగానే ఆయన రెండు ముక్కలు తీసి పక్కన పెడతాను, చల్లారడానికి.