సేవా సైకిల్ యాత్ర: కాటన్ కాలువా, పంచారామాలా, సీతమ్మ గడపా?

చలికాలం మొదలైతే సైకిల్ క్లబ్బుల వాళ్లు అడిగేది ఒకటే: విరాళాల కోసం తొక్కుదామనుకుంటున్నాం, దేని పేరు మీద తొక్కితే బాగుంటుంది? మన గోదావరి డెల్టాలో ఎటు తొక్కినా చదునే. మన కష్టం చూసి జేబు తీసేవాళ్లు తక్కువ. 'ఈ దారే ఎందుకు?' అని దాత అడిగితే ఒక్క ముక్కలో జవాబు రావాలి. నా తూకమంతా దాని మీదే.

కాటన్ దారి తొక్కడానికి హాయి. ధవళేశ్వరంలో బయల్దేరి బ్యారేజీ దాటి బొబ్బర్లంక, అక్కణ్ణుంచి కాలువ వెంట ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం. చెట్ల నీడ, మధ్యలో పూతరేకులు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ముగించిన ఆనకట్ట సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మీరు అడిగేది బడిలో మంచినీళ్ల ప్లాంటు కోసమైతే మరో ఆలోచన లేకుండా ఇదే. ఆపరేషన్ ఖర్చుకో, కాలేజీ ఫీజుకో అయితే మాత్రం కాటన్‌కీ దానికీ ముడి పడదు. వేసవిలో కాలువలు కట్టేస్తే నీళ్ల యాత్రకు నీళ్లే ఉండవు. గట్టు మీద తుమ్మముళ్లుంటాయి, మనిషికి రెండు ట్యూబులు తప్పవు.

పంచారామాల్లో నాలుగే మనవైపు: సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం. అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది. కార్తీకంలో పెడితే బస్సుల రద్దీ, పైగా ఇచ్చేవాళ్లు గుడి చందా అనుకుంటారు. తీరం వెంబడి హైవే మీద లారీలు ఎక్కువ, వదిలేయండి.

నా ఓటు డొక్కా సీతమ్మకే. పుట్టింది మండపేటలో 1841లో, మెట్టింది లంకల గన్నవరం. 1909లో పోయేదాకా ఆకలితో గడప తొక్కినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది. పి.గన్నవరం అక్విడక్టుకు (నది మీదుగా కాలువను దాటించే వంతెనకు) ఆవిడ పేరే. పుట్టింటి నుంచి అత్తింటికి, ఆలమూరు, జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట మీదుగా 50 కిలోమీటర్లకు లోపే. రానూపోనూ ఒక్క పగలు. తొక్కిన కిలోమీటరుకో విస్తరి భోజనం అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

లెక్క ముందే కట్టుకోండి. అన్నం వండి పెట్టే సంస్థను విస్తరికి ఎంత పడుతుందో అడగండి. 40 రూపాయలనుకుంటే రానూపోనూ 90 కిలోమీటర్లకు 3,600. ఒక్క ఇంటికి బరువు. పదేసి కిలోమీటర్లుగా పంచితే 400, కాదనేవాళ్లు తక్కువ. డబ్బు తొక్కకముందే నేరుగా ఆ సంస్థ ఖాతాలో వేయించండి. 'ముందు తొక్కిరండి, తర్వాత ఇస్తాం' అన్న మాట మీద కూర్చుంటే వసూలుకే నెల పడుతుంది. మధ్యలో ఆగిపోతే డబ్బు తిరిగివ్వమని విరాళం కార్డు మీదే రాయండి. పన్ను మినహాయింపు కావాలన్నవాళ్లు నగదు 2,000 దాటి ఇవ్వకూడదు, యూపీఐ చేయమనండి.

జనవరి చివర, ఫిబ్రవరి మంచి రోజులు. సంక్రాంతి రద్దీ తగ్గుతుంది, కాలువల్లో నీళ్లుంటాయి, రోడ్డు మీద ధాన్యం ఉండదు. కోతల రోజుల్లో సగం రోడ్డు కళ్లమే; ఆరబోసిన వడ్ల మీద బ్రేకు పట్టారా, చక్రం జారి కింద పడడమే. ధాన్యం కాపాడుకోవడానికి అంచున పెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు.

మండపేటలో ఐదున్నరకు బయల్దేరండి. పొద్దున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, వెనక నుంచి తోస్తుంది. మధ్యాహ్నం అది తిరిగి సముద్రం మీంచి వస్తుంది, ఇంటికి అదే తీసుకొస్తుంది. అటు నుంచి మొదలెట్టినవాళ్లకు రెండుపూటలా ఎదురుగాలే. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీద మాత్రం గాలి పక్క నుంచి కొడుతుంది, లారీ దాటినప్పుడల్లా సైకిల్ ఊగుతుంది. అక్కడ ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు సైకిళ్ల దూరం, వంతెన అతుకుల మీద చక్రం నేరుగా.