ఇంకు నీలం ఆర్కిడ్ కొనేముందు పూకాడ చూడండి: తిరుపతి వాళ్ళకు హెచ్చరిక

వ్యాన్‌లో మొక్కలు పెట్టుకొని మన వీధుల్లో అమ్మేవాళ్ళ దగ్గర ముదురు నీలం పూల ఆర్కిడ్ కనిపిస్తే దయచేసి కొనకండి. "అరుదైన రకమక్కా, ఎప్పుడు పూసినా ఇదే రంగు" అని చెప్పి అలా అమ్మే ఒకతను మా దగ్గర 1,200 రూపాయలు తీసుకున్నాడు. పక్కనే ఉన్న తెల్లపూల మొక్క 500. పైన తీసుకున్నదంతా రంగునీళ్ళ ఖరీదే.

అది ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ రకం. బజారులో దొరికేవాటిలో తెలుపు, గులాబీ, ఊదా, పసుపు ఉంటాయి గానీ ఈ ఇంకు నీలం సహజంగా రాదు. తెల్లపూల మొక్క కాడకు బెజ్జం పెట్టి రంగు ఎక్కిస్తారు, అది పూలదాకా పాకుతుంది. మా మొక్క కాడ మీద, ఆకులకు కొంచెం పైన, గుండుసూది తలంత మైనం అంటించి ఉంది. గోటితో గీకితే కింద బెజ్జం, చుట్టూ నీలి మరక. తర్వాత విచ్చుకున్న మొగ్గ వెలిసిపోయిన నీలం, దాని పైది తెల్లగా మల్లెపువ్వే. ఫోన్ చేస్తే "మీ తిరుపతి ఎండకు రంగు దిగిపోయుంటుందక్కా" అన్నాడు. శుద్ధ అబద్ధం. ఎండకు ఆకు మాడుతుంది, పువ్వు వాడుతుంది, అంతేగానీ మొక్క రకమే మారిపోదు.

రంగు కన్నా నాకు కడుపు మండింది కుండీ చూసి. పైన నాచు పరిచి, లోపల ఎర్రమట్టి దట్టంగా కూరారు. అడవిలో చెట్ల కొమ్మలు పట్టుకొని, వేళ్ళకు గాలి తగిలేలా పెరిగే మొక్క అది. సగం వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతొక్క ఊడి చేతికొచ్చింది. మంచి వేరు గట్టిగా ఉంటుంది, తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తుంది. కొనేటప్పుడు నాచు పక్కకు తీసి చూపించమనండి. చూపించకపోతే వదిలేయండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు మొక్కను పారేయకండి, రంగు వల్ల అది చావదు. మట్టి కడిగి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు వేసిన చిల్లుల కుండీలోకి మార్చండి. తూర్పు కిటికీ దగ్గర పెట్టండి, మే నెల ఎండ నేరుగా తగలనీయొద్దు. ఆకుల మధ్య నీళ్ళు నిలవకూడదు.

బిల్లు గానీ, ఫోన్‌పేలో కట్టిన వివరం గానీ ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.