జన్యుక్రమానికి స్వరం కట్టే యాప్: వాడి చూసిన అభిప్రాయం

డీఎన్ఏ క్రమాన్ని సంగీతంగా మార్చే ఈ యాప్‌లో రెండు పద్ధతులున్నాయి. ఎ, టి, జి, సి అనే 4 అక్షరాలకు 4 స్వరాలు కేటాయించే మొదటిది కాసేపటికే విసుగు పుట్టిస్తుంది. రెండవది మూడేసి అక్షరాలను ఒక కోడాన్‌గా చదివి, అది సూచించే అమైనో ఆమ్లాన్ని (ప్రొటీన్లను కూర్చే చిన్న అణువును) బట్టి స్వరాన్ని ఎంచుకుంటుంది కనుక, 20 ఆమ్లాలకు 20 స్వరాలు పలికి, మానవ ఇన్సులిన్ కోసం కణం మొదట తయారుచేసే పొడవాటి గొలుసులోని 110 ఆమ్లాలు (పూర్తయిన హార్మోన్‌లో మిగిలేవి 51 మాత్రమే) చిన్న ఆలాపనలా వినిపిస్తాయి.

అయితే 64 కోడాన్లలో 61 ఆ 20 ఆమ్లాలకే సంకేతాలు కావడం వల్ల, ఆమ్లాన్ని మార్చని ఉత్పరివర్తనం (డీఎన్ఏ అక్షరాల్లో వచ్చే మార్పు) ఈ పద్ధతిలో చెవికి అందదు. ఉత్పరివర్తనాలను విని గుర్తించాలనుకునే విద్యార్థికి ఇది పెద్ద కొరతే. మిగిలిన 3 ముగింపు కోడాన్ల వద్ద పాట ఆగిపోయి నిశ్శబ్దం ఆవరించడం మాత్రం నాకు ఎంతో నచ్చింది. స్వరస్థానాలను, వాద్యాన్ని మనమే ఎంచుకుంటాము కనుక, వినిపించే మాధుర్యంలో జన్యువు వాటా ఎంతో తేల్చడం కష్టం.