జీఐ పైపులు కొనేముందు లోపల టార్చ్ వేసి చూడండి బాబూ

పొద్దున్నే బెంగళూరు కలాసిపాళ్యం నుంచి తిట్లు తిని వచ్చా, ఇంకా కోపం తగ్గలేదు. కొట్టు పేరు రాయను, అటు వెళ్ళేవాళ్ళకి ఏదో తెలిసే ఉంటుంది, మూలమీద ఉంటుంది.

పాత లైన్ జాయింట్ల దగ్గర కారుతుంటే సంపు నుంచి పైన 2000 లీటర్ల ట్యాంకుకి కొత్త లైన్ వేయిద్దామనుకున్నా, ఎండలో ఉండేది కదా జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, తెమ్మన్నాడు ప్లంబర్. కొట్టాయన "అనంతపురమా అన్నా? మాది హిందూపురమే" అన్నాడు, అంతే, నా బుర్ర అక్కడే ఆగిపోయింది. కొత్తవే అన్నాడు, స్టాక్ ఖాళీ చేస్తున్నాం అన్నాడు, పైపుకి 300 తక్కువ అన్నాడు. అంగుళం పైపులు ఐదు తెచ్చా.

నలభై నిమిషాల్లో నిండే ట్యాంకు ఇప్పుడు గంటా పది తీసుకుంటోంది. మోటర్ తప్పేమో అని విప్పాం, ఫుట్‌వాల్వ్ కడిగాం, చివరికి మిగిలిన ముక్కని మధ్యలో కోస్తే బయటపడింది, చివర్లు జానెడు మేర గీకి సిల్వర్ పెయింట్ కొట్టాడు, లోపలంతా తుప్పు గడ్డలు, వేలు పెడితే గీసుకుంది.

సిగ్గుచేటు ఏంటంటే నేను చదివింది మెకానికల్. కొత్త జీఐ లోపలి గరుకు 0.15 మిల్లీమీటర్లు, పీవీసీది 0.0015 అని పరీక్షలో రాసినవాణ్ణి. నీళ్ళు నెమ్మదిగా పొరలు పొరలుగా పోతే గరుకు పెద్దగా లెక్కలోకి రాదు, రెనాల్డ్స్ నంబర్ (నీళ్ళు పొరలుగా పోతున్నాయా సుడులు తిరుగుతున్నాయా చెప్పే అంకె) 4000 దాటి సుడులు తిరిగేటప్పుడే గోడని అంటుకున్న పల్చటి పొరలోంచి గడ్డలు పైకి పొడుచుకొచ్చి పని పడతాయి, మా లైన్లో ఎంత తక్కువేసుకున్నా 20,000 పైమాటే. నికురాడ్సే అనే జర్మన్ ఇంజనీరు పైపుల్లో ఇసుక అంటించి 1933లో చూపించింది ఇదే, గరుకుని బట్టి ఫ్రిక్షన్ ఫ్యాక్టర్, అంటే రాపిడి ఎంతో చెప్పే అంకె, చూసుకునే మూడీ చార్ట్ వచ్చింది 1944లో, వైవాలో ఆ చార్ట్ వేలితో చూపించి మార్కులు కొట్టేశా. మిల్లీమీటరున్నర గడ్డలంటే ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ రెట్టింపు దాటుతుంది, పైగా తుప్పుకి లోపలి వ్యాసం కూడా తగ్గింది, వ్యాసం తగ్గేకొద్దీ రాపిడి నష్టం దాని ఐదో ఘాతం చొప్పున పెరుగుతుంది.

ఆ ముక్క పట్టుకెళ్తే ఏం చేశాడో తెలుసా? నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ మని ఊదాడు. "గాలి పోతాంది కదన్నా, నీళ్ళు పోవా?" అన్నాడు. పనిపిల్లోడు కిసుక్కున నవ్వాడు. నేను వెర్రోడిలా ఫ్రిక్షన్ అని ఏదో మొదలుపెట్టా. "ఇంజనీరువా? మరి కొనేటప్పుడు చూసుకోవల్ల కదన్నా" అని పక్క కస్టమర్ వైపు తిరిగి కన్నడలో మొదలెట్టాడు, తెలుగు ముక్క రానట్టు. ఏడ్పొచ్చింది నిజంగా, అడిగింది న్యాయమైన ప్రశ్నే మరి.

సరే, కొనేవాళ్ళు ఒక చివర ఆకాశం వైపు పెట్టి రెండో చివర్నుంచి చూడండి, చివర్లు చూసి మోసపోవద్దు. బిల్లు తీసుకోండి. జీఎస్టీ మిగులుతుంది అన్నాడని నేను తీసుకోలేదు.